కట్టిందెవరో అడగకూడదు

లెక్కపెట్టని నాడిని చార్టులో రాసే అలవాటు నాకు లేదు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో థర్మామీటరు పెట్టకుండా ఒక్కసారి కూడా జ్వరం అంకె వేయలేదు. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా ఆ చార్టులాగే తీసుకోండి. చూసింది చూసినట్టు చెబుతాను. విన్నది విన్నట్టు. తెలియనిచోట తెలియదనే అంటాను... అలాంటి చోట్లు ఇందులో చాలా ఉన్నాయి.

ముందు ఓబులమ్మ సిస్టర్ గురించి చెప్పాలి. ఆమె సంగతి తెలియకపోతే, ఆ రాత్రి నా జేబు దగ్గర కనిపించింది ఏమిటో, దాన్ని చూసి నా చేతులు ఎందుకు చల్లబడ్డాయో మీకు అర్థం కాదు.

కర్నూలులో మా ఆసుపత్రి. ఆడవాళ్ల వార్డు. ముప్పై మంచాలు, ఎప్పుడు చూసినా నలభై మంది మనుషులు. ఓబులమ్మ సిస్టర్ మా హెడ్ నర్సు. కడప వైపు నేతపని చేసే ఇంట్లో పుట్టింది. పొట్టి మనిషి. ఎడమచేతి వాటం. నడుముకు ఎప్పుడూ ఒక కత్తెర వేలాడుతుండేది. దాని మధ్య మేకు వదులు. తెరిస్తే కిర్రు, మూస్తే టక్కు. కళ్లు మూసుకున్నా ఆమె ఏ మంచం దగ్గర ఉందో చెప్పేవాళ్లం.

నేను చేరిన కొత్తలో ఒక రాత్రి, కాన్పు తర్వాత వచ్చిన జ్వరంతో ఒకమ్మాయి చనిపోయింది. నా వయసే. ఒళ్లు తుడిచి, దుప్పటి కప్పి, వెంటనే పక్క మంచానికి ఇంజెక్షన్ ఇవ్వబోయాను. సూది కొన వణుకుతోంది. నేను చూడలేదు. ఓబులమ్మ సిస్టర్ చూసింది. సిరంజి నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. జేబులోంచి చిన్న కండె తీసింది. నేతగాళ్లు పోగు చుట్టుకునే పుల్ల అది. దాని నిండా నీలిరంగు నూలు. జానెడు పోగు తీసి కత్తిరించింది. నా జేబులో ఉన్న పెన్ను క్లిప్పు చుట్టూ తిప్పి, రెండు కొసలూ కలిపి ముడి వేసింది.

"ఇది ఉన్నంతసేపు సూది ముట్టొద్దు ఈశ్వరీ. పక్కలు సర్దు. జొరాలు చూడు. మందుల సంగతి మేం చూసుకుంటాం."

"నాకేం కాలేదు సిస్టర్."

"అయిందని నేనంటినా? మగ్గం మీద పోగు తెగితే మా నాయన మగ్గాన్ని తిట్టేటోడు కాదు. ఆపి, అతికి, మళ్ల నేసేటోడు. అంతే. పో."

తెల్లారేదాకా ఎవరూ ఏమీ అడగలేదు. నా పది మంచాల మందులూ మిగతావాళ్లు పంచుకున్నారు. పొద్దున డ్యూటీ దిగేటప్పుడు ఆమే వచ్చి పోగు కత్తిరించింది. ఎందుకు వణికావు అని ఆరోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

అది మా వార్డు పద్ధతి. ఏ పుస్తకంలోనూ లేదు. ఇంట్లో పిల్లకు బాగాలేకపోయినా, మొగుడితో కొట్లాడి వచ్చినా, మూడు రాత్రులుగా నిద్ర లేకపోయినా, ఎవరికి వాళ్లు పోగు కట్టుకోవచ్చు. పక్కమనిషి చెయ్యి సరిగా లేదని తోస్తే ఇంకొకరైనా వచ్చి కట్టవచ్చు. కట్టాక డ్యూటీ అయ్యేవరకూ తీయకూడదు. ఎందుకని అడగకూడదు. కట్టిందెవరో అసలే అడగకూడదు. చాలాసార్లు మనం అటు తిరిగి మందు లెక్క చూసుకుంటుండగానే కట్టేసి వెళ్లిపోయేవాళ్లు.

ఒక కొత్త డాక్టరు అడిగాడు. "ఏంటిది సిస్టర్, తాయెత్తా?"

"అవును సార్. దిష్టికి," అంది ఓబులమ్మ సిస్టర్.

"ఎవరి దిష్టికి?"

"మీరు రౌండ్స్‌కి వస్తారు గదా సార్, దానికి."

ఆ డాక్టరు కూడా నవ్వాడు. కొన్నాళ్లకు ఆయనే ఒక అర్ధరాత్రి వచ్చి, "సిస్టర్, నాక్కూడా ఒకటి కడతారా" అని అడిగాడు. కట్టింది. ఎందుకని అడగలేదు.

ఆ ముడి కూడా ఆమే నేర్పింది నాకు. పక్కన కూర్చోబెట్టుకుని, తన చేతుల్ని చూస్తూ చెయ్యమంది. అందుకే నేను కుడిచేతి మనిషినైనా ఆ ఒక్క ముడి మాత్రం ఎడమవాటంగానే పడుతుంది నాకు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇన్నేళ్లలో ఓబులమ్మ సిస్టర్ జేబుకు మాత్రం పోగు ఉండగా ఎవరూ చూడలేదు.

ఇక్కడ నేను ఒకటి ఒప్పుకోవాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆమె చివరి నైట్ డ్యూటీలో నేను కూడా ఉన్నాను. రెండు దాటాక ఆమె మందుల బల్ల దగ్గర నిలబడి ఉంది. పై పెదవి మీద చెమట. చలికాలం అది. ఎడమ భుజాన్ని కుడిచేత్తో ఒత్తుకుంటోంది. నేను కండె దగ్గరకు పోయాను. పోగు కత్తిరించాను. చేతిలో పట్టుకుని ఆమె వైపు నడిచాను... నాలుగడుగులు. ఆమె హెడ్ సిస్టర్. నాకు పని నేర్పిన మనిషి. ఆమెకు నేను కట్టడమేంటి, ఏమనుకుంటుందో అనిపించింది. మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక ఆ పోగును నా ఎర్ర పెన్నుకు చుడుతూ, విప్పుతూ ఉన్నాను. మేం రాత్రి రిపోర్టు ఎర్ర సిరాతో రాస్తాం. ఆ పెన్ను కారుతోంది. పోగుకు మధ్యలో సిరా అంటింది. దాన్ని కోటు జేబులో వేసేసుకున్నాను.

ఆమె ఆ రాత్రి అందరి మంచాలూ చూసింది. పొద్దున ఇంటికి పోయింది. రెండోరోజు మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ పడిపోయింది. మా ఆసుపత్రికే తెచ్చారు. అప్పటికే ఏమీ లేదు.

కట్టి ఉంటే బతికేదని నేననడం లేదు. కూర్చునేది. కూర్చుంటే ఎవరో ఒకరు ఈసీజీ తీసేవాళ్లం. అంతవరకే నాకు తెలుసు. అది చాలు నాకు.

కర్మ అయ్యాక బద్వేలు నుంచి ఆమె కూతురు వచ్చింది. తల్లి సామాను సర్దుకుంటూ, "ఈ కత్తెర తీసుకుపోతాండా అక్కా, అమ్మ గుర్తు" అంది. తీసుకుపొమ్మన్నాను. కండె మాత్రం వార్డుది అని ఉంచుకున్నాను.

వార్డు ఇన్‌చార్జి నాకిచ్చారు. నేను చేసిన మొదటి పని, కండెను బీరువాలో పెట్టి తాళం వేయడం. తనిఖీకి వచ్చేవాళ్లు ఈ దారాలేంటని అడుగుతారు, ఇక కట్టొద్దు అని నర్సు పిల్లలకు చెప్పాను. అది అబద్ధం. దాన్ని చూడలేకపోయాను. తాళంచెవి నా మెళ్లో గొలుసుకు వేసుకున్నాను.

నాకింద ఇద్దరు. షమీమ్ కర్నూలు పాతబస్తీ పిల్ల. పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. నాగవేణి ఎమ్మిగనూరు పిల్ల, పొడుగు, ఆమెదీ నేతపని ఇల్లే. ఇద్దరూ మంచి నర్సులు. వాళ్లకు నేను అండగా ఉండాలనుకున్నాను. ఓబులమ్మ సిస్టర్ లేని లోటు తెలియకూడదనుకున్నాను. అందుకని ప్రమాదం ఉన్న ప్రతి ఇంజెక్షనూ నేనే ఇచ్చేదాన్ని. సెలవు తీసుకోలేదు. వాళ్ల నైట్ డ్యూటీలకు కూడా నేనే ఉండేదాన్ని. వాళ్ల చేతిలో సిరంజి కనిపిస్తే, "నేనుండగా నీకెందుకు, ఇటియ్యి" అనేదాన్ని.

ఒకసారి షమీమ్ అడిగింది. "మేడమ్, మీకు మా మీద నమ్మకం లేదా?"

"నీకు కష్టం లేకుండా చూస్తాండా కదమ్మా."

"కష్టం లేకుండా చూస్తే పని యాడొస్తుంది మేడమ్?"

ఎదురు చెబుతోందనుకున్నాను.

అలా నాలుగు నెలలు గడిచాయి. ఎండలు ముదిరాయి. ఇక ఆ రాత్రి...

పదకొండో మంచం మీద నందికొట్కూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన కూలి మనిషి ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. ఊపిరితిత్తుల్లో చీము. ఇద్దరు చిన్నపిల్లలు ఊళ్లో ఉన్నారు. తోడుగా తల్లి వచ్చింది. అవ్వకు రెండు కళ్లల్లోనూ పొర. అయినా ఆమెకు తెలియకుండా వార్డులో చీమ కదిలేది కాదు.

"సిస్టరమ్మా, మా పాప బతుకుతాదా లేదా ఒక్క మాట చెప్పు. నేను ఏడవను. బస్సు సంగతి చూసుకోవాల."

"బతుకుతుంది అవ్వా. మందు పని చేస్తాండాది. ఇంకో ఐదు రోజులు క్రమం తప్పకుండా పడాల."

"అట్లయితే నువ్వు క్రమం తప్పకు తల్లీ," అంది.

ఆమెకు రాత్రి మూడు గంటలకు ఒక ఇంజెక్షన్ ఉంది. సీసాలో పొడి ఉంటుంది. అందులో నీళ్లు కలిపి నరంలోకి ఎక్కించాలి. ఆ నీళ్లు చిన్న ప్లాస్టిక్ ఆంప్యూళ్లలో వస్తాయి. పొటాషియం మందు కూడా అలాంటి ఆంప్యూల్‌లోనే వస్తుంది. చూడటానికి అదీ నీళ్లే. సెలైన్‌లో కలిపి నిదానంగా ఎక్కిస్తే ప్రాణం నిలుపుతుంది. సూదితో నేరుగా నెడితే గుండె ఆగిపోతుంది. అందుకే ఓబులమ్మ సిస్టర్ దాన్ని వేరే డబ్బాలో, మూతపెట్టి ఉంచేది. ఆ రోజు ట్రాలీ సర్దింది నేనే.

రెండూ నలభైకి షమీమ్ రిపోర్టు తేవడానికి ల్యాబుకు పోయింది. ల్యాబు వేరే బిల్డింగులో ఉంది. నాగవేణి వార్డు ఆ చివర, ఇరవయ్యేడో మంచం దగ్గర సెలైన్ మారుస్తోంది. నేను ఈ చివర బల్ల దగ్గర కూర్చుని రిపోర్టు రాస్తున్నాను. కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద రెండు లైట్లు వెలిగాయి. ఫ్యాన్లు ఆగిపోయాయి. ఫ్యాన్లు ఆగితే వార్డులో ఎంత చప్పుడు ఉంటుందో తెలుస్తుంది. దగ్గు. మూలుగు. మంచం కోడు కదలడం. ఎవరో నిద్రలో పళ్లు కొరకడం...

నేను నిద్రపోలేదు. పోలేదనే అనుకుంటున్నాను. తల కొంచెం వాలిందేమో.

కిర్రు...

టక్కు.

నేను తలెత్తలేదు. ఎందుకంటే అది నాకు బాగా అలవాటైన చప్పుడు. ఏళ్ల తరబడి విన్న చప్పుడు. చెవి దాన్ని పట్టించుకోలేదు. ఆహా, సిస్టర్ ఇక్కడే ఉంది అనుకున్నాను. ఎంత మామూలుగా అనుకున్నానో చెప్పలేను. లోపల ఏదో బరువు దిగినట్టయింది. ఇంకో వాక్యం రాశాను కూడా.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ కత్తెర బద్వేలులో ఉంది.

పెన్ను ఆగింది. తలెత్తి చూశాను. బల్ల ముందు ఎవరూ లేరు. నడవలో ఎవరూ లేరు. దూరంగా నాగవేణి వీపు కనిపిస్తోంది. చేతులు పైకెత్తి సెలైన్ బాటిల్ తగిలిస్తోంది. పదకొండో మంచం పక్కన అవ్వ నేలమీద కూర్చుని నావైపు చూస్తోంది.

ఫ్యాను లేదు. గాలి లేదు. కాని నా జేబు దగ్గర ఏదో కదిలింది.

మెల్లగా కిందికి చూశాను. జేబులో ఇంకో పెన్ను ఉంది, నీలిది. దాని క్లిప్పుకు...

నీలి పోగు.

చక్కగా చుట్టి ఉంది. ముడి గట్టిగా, చిన్నగా ఉంది. కొసలు సమంగా కత్తిరించి ఉన్నాయి. నా ఊపిరికి అవి అటూ ఇటూ ఊగుతున్నాయి.

ఎంతసేపు దాన్ని అలా చూస్తూ కూర్చున్నానో తెలియదు. వేలితో ముట్టుకోవాలంటే చెయ్యి లేవలేదు. ఒళ్లంతా చెమట పట్టి ఉంది, చేతులు మాత్రం మంచులా ఉన్నాయి. మొదట భయమేసింది. కాసేపటికి కోపం వచ్చింది. కోపం వచ్చాక కాళ్లు కదిలాయి.

లేచి బీరువా దగ్గరకు పోయాను. తాళం వేసే ఉంది. తాళంచెవి నా మెళ్లోనే ఉంది. తెరిచాను. కండె నేను పెట్టినచోటే ఉంది. పోగు చివరను పుల్ల గాటులో దోపి పెట్టాను నేను. అది అలాగే ఉంది. మీద సన్నగా దుమ్ము. ఎవరూ ముట్టుకోలేదు.

అప్పుడే షమీమ్ వచ్చింది, ఆయాసపడుతూ. "మేడమ్, లిఫ్టు ఆగిపోయింది, మెట్లెక్కి వస్తాండా..." అని, నా జేబు చూసి ఆగిపోయింది.

"ఇది నువ్వే కట్టినావు కదా?"

"లేదు మేడమ్."

"ఈ పద్ధతి వద్దని చెప్పినానా లేదా?"

"అల్లా కసమ్ మేడమ్. నేను ఇప్పుడే వస్తాండా. ల్యాబు కాడ సంతకం చేసినా, టైమేసి ఉండాది, చూసుకోండి."

నాగవేణి కూడా వచ్చింది. అడిగాను. ఆమె ఒట్టు పెట్టలేదు. "నేను కాదు మేడమ్" అంది. తర్వాత, "కట్టిందెవరో అడగకూడదు గదా మేడమ్," అంది.

"నాకు నీతులు చెబుతాండావా?"

పోగు తెంపేద్దామని చెయ్యి పెట్టాను. తెంపలేకపోయాను. ఆ పద్ధతి ఆపేసింది నేనే. అయినా ఒకసారి కట్టిన పోగును డ్యూటీ మధ్యలో తెంపడం పద్దెనిమిదేళ్లలో నేనెప్పుడూ చేయలేదు. ఉంటే ఉండనీ, ఇది నన్నేం చేస్తుంది అనుకున్నాను. గడియారం చూశాను. మూడు. పదకొండో మంచం మందుకు టైమయింది.

ట్రాలీ దగ్గరకు పోయాను. ఆంప్యూల్ విరిచాను. సీసాలో కలిపాను. పొడి కరిగేదాకా ఆడించాను. సిరంజిలోకి లాగాను. ఇవన్నీ ఎన్ని వేలసార్లు చేశానో. పదకొండో మంచం వైపు తిరిగాను.

నాగవేణి అడ్డంగా నిలబడి ఉంది. చెయ్యి చాచింది.

"ఇటియ్యండి మేడమ్. నేనేస్తా."

"తప్పుకో."

"పోగుండాది గదా మేడమ్."

"ఇన్‌చార్జి ఎవరు ఈడ?"

"మీరే మేడమ్." ఇరవైనాలుగేళ్ల పిల్ల. చెయ్యి మాత్రం వెనక్కి తీయలేదు. "నా మొదటి నెలలో నాకు కట్టింది మీరేనని నేననుకుంటాండా. నేనడగలేదు. మీరూ చెప్పలేదు. ఆ రాత్రి నా సూది మీరు తీసుకున్నారు. ఇప్పుడు మీది నాకియ్యండి."

అవ్వ నేలమీద నుంచి అంది, "ఇయ్యమ్మా, ఆ పిల్ల అంతగా అడుగుతాంటే."

ఎందుకిచ్చానో నాకు తెలియదు. భయపడి ఇచ్చానా, అలిసిపోయి ఇచ్చానా... ఇచ్చాను.

చేతికి ఏ మందు తీసుకున్నా దాని పేరు పైకి చదవాలని ఓబులమ్మ సిస్టర్ నేర్పిన అలవాటు. ఇంకొకరు కలిపిన మందైతే ఖాళీ ఆంప్యూల్ చూసి చదవకుండా ఎక్కించకూడదు. నాగవేణి ట్రాలీ దగ్గరకు పోయింది. సీసా పేరు చదివింది. ట్రేలో ఉన్న ఖాళీ ఆంప్యూల్ తీసుకుని లైటు కిందికి పట్టుకుంది.

చదవలేదు.

"ఏమైంది?" అన్నాను.

"మేడమ్..." అంది. అంతే.

షమీమ్ వచ్చి ఆమె చేతిలోంచి తీసుకుని చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంక నేను చూడాల్సిన అవసరం లేదు. అయినా చూశాను. అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. విరిచేటప్పుడు కూడా అవి అక్కడే ఉన్నాయి.

కరెంటు వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి. పదకొండో మంచం మీద ఆ మనిషి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. గుండె మీద దుప్పటి లేస్తూ, దిగుతూ ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

నాగవేణి ఆ సిరంజిని, సీసాను ట్రేలో పక్కన పెట్టింది. కొత్త సీసా తీసింది. నీళ్ల ఆంప్యూల్ తీసి పైకి చదివింది. షమీమ్ కూడా చదివింది. ఇద్దరూ పోయి మందు ఇచ్చి వచ్చారు. షమీమ్ కుర్చీ తెచ్చి నా వెనక పెట్టింది. "కూచోండి మేడమ్. పక్కలు మేం సర్దుతాం, జొరాలు మీరు చూడండి. లేకుంటే జొరాలు కూడా మేమే చూస్తాం. ఏదో ఒకటి మాకియ్యండి," అంది.

కొంచెం సేపటికి అవ్వ దగ్గరకు పోయి కూర్చున్నాను. దాచబుద్ధి కాలేదు.

"అవ్వా, నీ బిడ్డకు తప్పు మందు కలిపినా. ఎక్కించలేదు. ఆ పిల్ల ఆపింది."

తిడుతుందనుకున్నాను. తిట్టడానికి హక్కుంది.

"ఎక్కించి ఉంటే?"

"పోయేది అవ్వా."

"ఊఁ." ఆమె బిడ్డ పాదం మీద చెయ్యి వేసుకుంది. "కోపం రాలేదని అనుకోవాకు. వచ్చింది. పొద్దున తిడతా. ఇప్పుడు శానా పొద్దుపోయింది."

మళ్లీ తనే అంది, "ఇందాక నీ జేబు కాడ వంగి ఏందో చేసి పాయె, ఆయమ్మెవరు?"

"ఏ ఆయమ్మ?" అన్నాను.

"నాకేం తెలుసు తల్లీ. కండ్లకు పొరలు. నువ్వు తల వాల్చింటివి. తెల్లగా ఒక మనిషి వంగింది. పొట్టిగా ఉండె. లేస్తే నువ్వేమో, కూచుంటే ఇంకొకరేమో... నాకు అందరూ ఒకటే మాదిరి ఉంటారు."

పొట్టిగా ఉండేది షమీమ్. ల్యాబు పుస్తకం నేను తర్వాత చూశాను. సంతకం పక్కన టైము సరిగ్గానే ఉంది. అయితే ల్యాబులో టైము వేసే మనిషి గడియారం చూసి వేస్తాడో లేదో నేను చెప్పలేను. నాగవేణి ఇరవయ్యేడో మంచం దగ్గర ఉండటం నేను కళ్లారా చూశాను. కాని చప్పుడు విన్నాక ఇంకో వాక్యం రాశానని చెప్పాను కదా. ఆ వాక్యం రాసేంతసేపట్లో పొడుగు కాళ్ల పిల్ల వార్డు ఆ చివరకు పోగలదు. పోగలదేమో.

పొద్దున ఆ రాత్రి జరిగిన తప్పును రిపోర్టు పుస్తకంలో నా పేరుతోనే రాశాను. సూపరింటెండెంట్ మేడమ్ పిలిచింది. మెమో ఇచ్చింది. తీసుకున్నాను. అవ్వ కూడా చెప్పినట్టే తిట్టింది, వార్డంతా వినేలా. తిట్టడం అయ్యాక, "టీ తాగినావా?" అని అడిగింది. ఆమె బిడ్డ ఆరో రోజున నడుచుకుంటూ బస్సెక్కింది.

డ్యూటీ దిగే ముందు నాగవేణిని పిలిచి పోగు కత్తిరించమన్నాను. ఆమె కత్తిరించకుండా ముందు ముడిని వేలితో తిప్పి చూసింది.

"మా నాయన ఏసే ముడే మేడమ్. కాకపోతే ఎడమవాటం. మా ఇంట్లో ఎవరూ ఇట్ల ఎయ్యరు." కొంచెం సంకోచించి, "మీరే వేసుకున్నారేమో మేడమ్, నిద్రమత్తులో," అంది.

కావచ్చు. ఆ ముడి అలా వేసేవాళ్లు ఇద్దరే. ఒకరు లేరు. రెండోది నేను. నిద్రలో చేతులు తమకు తెలిసిన పని చేస్తాయని విన్నాను. మరి కత్తెర చప్పుడు? నా జేబులో ఉన్నది కొత్త కత్తెర, చప్పుడు చేయదు. ఆరోజు నుంచి ఎన్నిసార్లు తెరిచి మూసి చూశానో. చేయదు.

పోగు కత్తిరించి నా అరచేతిలో పెట్టింది. తూర్పు కిటికీలోంచి ఎండ పడుతోంది. రాత్రి ఇన్వర్టరు వెలుతురులో కనిపించనిది అప్పుడు కనిపించింది.

పోగు మధ్యలో ఎర్ర సిరా మరక.

సిస్టర్ చివరి డ్యూటీ రాత్రి మరక పడిన పోగును పారేయలేదని నాకు తెలుసు. కోటు జేబులో వేసుకోవడం గుర్తుంది. కాని ఈ నాలుగు నెలల్లో ఆ కోటు ఎన్నిసార్లు చాకలికి పోయి వచ్చింది... ఇంటికి పోయి నా కోటులు మూడింటి జేబులూ తిరగేశాను. ఏమీ లేదు. ఒక మూల ఇరుక్కుని ఉండిపోయిందేమో, నా వేళ్లకు తగిలిందేమో. ఉతికిన పోగులో సిరా అంత ఎర్రగా ఉంటుందా అని నన్నడగకండి. నేను చూసింది చెప్పాను.

బద్వేలులో ఉన్న కూతురికి ఫోను చేసి కత్తెర ఉందా అని అడుగుదామనుకున్నాను. రెండుసార్లు నంబరు తీశాను. ఉంది అంటే ఏమిటి, లేదు అంటే ఏమిటి... చేయలేదు.

కండె ఇప్పుడు బీరువాలో లేదు. డ్యూటీ గది తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది, పొట్టివాళ్లకు కూడా చెయ్యి అందే ఎత్తులో. ప్రమాదం ఉన్న మందులు ఇప్పుడు ముగ్గురం పంచుకుంటాం. కొత్తగా వచ్చే పిల్లలకు ముందు ఒకటే చెబుతాను, హెడ్ సిస్టర్‌కైనా కట్టొచ్చు అని. ఆ తర్వాత నాకు రెండుసార్లు కట్టారు. ఎవరో నేనడగలేదు. ఆ ఒక్క రాత్రే అడిగాను, అదీ తప్పే.

కట్టిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పోగు నేను ఎవరికోసం కత్తిరించానో మాత్రం తెలుసు.